బండి మీద, నడుముకి పిస్టల్: మీ ప్రశ్నలు, మా జవాబులు

ఈసారి ఉత్తరాలు దాదాపు అన్నీ ఒకే విషయం మీద వచ్చాయి. లైసెన్సున్న తుపాకీ దగ్గర పెట్టుకుని బైక్ మీద తిరిగేవాళ్ళు మన శ్రీకాకుళం, విజయనగరం వైపు ఇంతమంది ఉన్నారని నేననుకోలేదు. మొదటి ఉత్తరం పొడుగు, దానికి జవాబు ఇంకా పొడుగు, కాబట్టి మిగతావాళ్ళు కాస్త సర్దుకోండి. చైన్ స్ప్రాకెట్ గురించి, ఇంజనాయిల్ గురించి అడిగినవాళ్ళకి వచ్చే సంచికలో.

ప్రశ్న: అయ్యా, మాది కాశీబుగ్గలో చిన్న జీడిపప్పు వ్యాపారం. సీజన్లో జీడి పిక్కలు కొనడానికి మందస, మెళియాపుట్టి వైపు ఊళ్ళకీ, ఒక్కోసారి పర్లాకిమిడి దాకా కూడా బైక్ మీదే వెళ్తాను, దగ్గర నగదు ఉంటుంది. కిందటేడాది .32 బోర్ (గొట్టం లోపలి కొలత) పిస్టల్‌కి లైసెన్సు వచ్చింది. అమెరికా వాళ్ళు చొక్కా కింద పిస్టల్ పెట్టుకుని బైక్ నడిపే వీడియోలు చూసి అలాంటి హోల్‌స్టరే (పిస్టల్ పెట్టుకునే ఒర) ఆన్‌లైన్లో తెప్పించాను. గంట కూర్చునేసరికి తొడలోకి గుచ్చుకుంటోంది, గాలికి చొక్కా లేచిపోతోంది. మా తమ్ముడేమో పెట్రోల్ ట్యాంకు మీద బిగించే ట్యాంక్ బ్యాగులో పడేయమంటున్నాడు. అసలు ఇలా దాచిపెట్టుకోవడానికి వేరే పర్మిషన్ కావాలా? ఏటి చెయ్యమంటారు?
– ఒక పాఠకుడు, పలాస

జవాబు: ముందు చివరి ప్రశ్న. చాలామంది తడబడేది అక్కడే. అమెరికాలో తుపాకీ దాచుకుని తిరగడానికి విడిగా పర్మిట్ అనేది ఉండేది, ఇప్పుడు సగానికి పైగా రాష్ట్రాల్లో అది కూడా అక్కర్లేదు, వాళ్ళ గొడవ వాళ్ళది. మన దగ్గర దాచుకోవడానికి వేరే కాగితం లేదు, దాచుకోవడమే రూలు. 2016 ఆయుధ నియమాల ప్రకారం నలుగురూ తిరిగే చోట చేతి తుపాకీ తీసుకెళ్తే దానికోసం చేసిన హోల్‌స్టర్లో ఒంటికి తగిలించుకుని ఉండాలి, లేదంటే వీపుకి తగిలించుకునే సంచీలాంటి దాంట్లో ఉండాలి. ఎలా పెట్టుకున్నా పూర్తిగా కప్పి ఉండాలి, తీసుకెళ్ళే మనిషి అదుపులో ఉండాలి. అంటే గాలికి చొక్కా లేచి పిడి బయటపడితే అది మీకు ఇబ్బందితో పోయే విషయం కాదు, ఎవరైనా చూసి ఫిర్యాదు చేస్తే లైసెన్సు దాకా వస్తుంది.

మీరు పర్లాకిమిడి అన్నారు చూశారా, నాకు టెన్షన్ పుట్టింది అక్కడ. లైసెన్సు ఏ ప్రాంతంలో చెల్లుతుందో దాని మీదే రాసి ఉంటుంది, ఇప్పుడే తీసి చూడండి. ఆంధ్రప్రదేశ్ వరకే అని ఉంటే పాతపట్నంతో సరి. మహేంద్రతనయ నది దాటారంటే ఒడిశా, అక్కడ మీ జేబులో కాగితం ఉన్నా లేనట్టే. లైసెన్సు లేని ఆయుధం అని కేసు కడితే, ఆయుధ చట్టానికి 2019లో చేసిన సవరణ తర్వాత శిక్ష రెండేళ్ళ నుంచి ఐదేళ్ళ దాకా. ఇచ్ఛాపురం దాటి బరంపురం వెళ్ళేవాళ్ళకీ ఇదే వర్తిస్తుంది. మన వ్యాపారాలకీ చుట్టరికాలకీ ఆ సరిహద్దు ఏనాడూ అడ్డు కాలేదు గనక పొద్దున్న వెళ్ళి సాయంత్రానికి వచ్చేస్తాం, రాష్ట్రం మారిన సంగతే గుర్తుండదు. వ్యాపారం నిజంగా అటూ ఇటూ ఉంటే ఆ కారణం చూపించి, చెల్లే ప్రాంతం పెంచమని లైసెన్సు ఇచ్చిన కలెక్టరాఫీసులోనే దరఖాస్తు పెట్టండి. అది చేతికి వచ్చేదాకా అటు వెళ్ళే రోజున పిస్టల్ ఇంట్లో, తాళం వేసిన పెట్టెలో ఉండాలి. జిల్లా వరకే అని రాసిన పాత లైసెన్సులున్నవాళ్ళు ఇంకోటి కూడా చూసుకోండి, 2022 ఏప్రిల్ 4న జిల్లాలు మారాక శ్రీకాకుళం జిల్లా నుంచి రాజాం విజయనగరంలోకీ, పాలకొండ పార్వతీపురం మన్యంలోకీ వెళ్ళిపోయాయి.

ఇక గుచ్చుకోవడం. మీరు తెప్పించింది బొడ్డు పక్కన ప్యాంటు లోపల దోపుకునే రకం అయ్యుంటుంది. నిలబడ్డంతసేపూ అది బాగానే ఉంటుంది. బైక్ ఎక్కి కూర్చుంటే తొడ పైకి వస్తుంది, పొట్ట కిందికి దిగుతుంది, మధ్యలో పిస్టల్ నలుగుతుంది, పైగా గొట్టం చూసేది తొడలో ఉండే పెద్ద రక్తనాళం వైపు. వెనక నడుం మధ్యలో పెట్టుకోవడం ఇంకా చెడ్డది, వెల్లకిలా పడితే వెన్నెముకకీ రోడ్డుకీ మధ్య ఆ ఇనుము ఉంటుంది. చీలమండకి కట్టుకునేది సినిమాలకి బావుంటుంది గానీ, ఎడమకాలు గేర్ల మీద, కుడికాలు బ్రేకు మీద, మన ఊళ్ళ దుమ్మూ బురదా అంతా దాని మీద. చంక కింద వేలాడేసుకునే వాటిలో గొట్టం వెనక్కి చూసే రకాలున్నాయి, వెనక సీటులో మీ ఆవిడో పిల్లలో ఉంటే గొట్టం వాళ్ళ వైపే చూస్తుంది, ఆ రకం జోలికే పోవద్దు.

నా మాట వింటే కుడిచేతి వాటం వాళ్ళు కుడి తుంటి ఎముకకి కొంచెం ముందు, ప్యాంటు బయట బెల్టుకి తగిలించుకోవాలి. సరిగ్గా ఎముక మీద వద్దు, పక్కకి పడినప్పుడు మొదట నేలకి తగిలేది అదే. ఇంకో పద్ధతి ఎడమ వైపు ముందుగా, పిడి కుడిచేతి వైపు తిరిగి ఉండేలా పెట్టుకోవడం. రోజంతా బండి మీద కూర్చునేవాళ్ళకి ఇదే సుఖం, కానీ జనంలో ఎదురుగా నిలబడ్డవాడి చేతికి కూడా పిడి అందే దూరంలో ఉంటుందని మర్చిపోవద్దు. ఏ వైపు పెట్టుకున్నా బెల్టు అసలు విషయం. ప్రభుత్వ ఫ్యాక్టరీల్లో చేసే కాన్పూర్ రివాల్వర్ గానీ అశని పిస్టల్ గానీ గుళ్ళతో కలిపి ముప్పావు కిలో దరిదాపులో ఉంటుంది, ఆ బరువు మామూలు ఫ్యాన్సీ బెల్టుకి వేలాడితే ప్యాంటే జారుతుంది. అంగుళన్నర వెడల్పున్న దళసరి తోలు బెల్టు కొనండి, సగం బాధ అక్కడే పోతుంది.

హోల్‌స్టర్ మారిస్తే మిగతా సగం పోతుంది. ఆన్‌లైన్లో దొరికేవి చాలావరకు అమెరికా 9 ఎంఎం పిస్టళ్ళ కొలతలకి చేసినవి, ఆ 9 ఎంఎం మన దగ్గర నిషేధిత బోర్, మామూలు జనానికి ఇవ్వరు. మన .32 వాటిలో వదులుగా కదులుతూ ఉంటుంది. ట్రిగ్గర్ భాగాన్ని పూర్తిగా మూసేలా, పైన బటన్ పట్టీ ఉండేలా తోలు పనివాళ్ళతో కుట్టించుకోవడం మేలు. అయితే తుపాకీ పట్టుకెళ్ళి వాళ్ళ బల్ల మీద పెట్టకండి, అది ఇంకొకరి చేతికిచ్చే వస్తువు కాదు. ఇంట్లోనే ఖాళీ పిస్టల్ గీతలు కాగితం మీద గీసుకుని, ఆ కొలతలకి వడ్రంగితో ఒక చెక్క నమూనా చేయించి దాన్ని ఇవ్వండి. మెత్తటి గుడ్డ సంచుల్లాంటివి, బెల్టు లేకుండా క్లిప్పుతో నిలిచేవి వద్దు.

చొక్కా సంగతి. వదులు చొక్కా నలభై స్పీడులోనే ఎగురుతుంది. ముందు జిప్పు ఉండి, వెనక కొంచెం పొడుగ్గా ఉండే జాలీ (సన్నటి రంధ్రాల గుడ్డ) జాకెట్టు కొనుక్కోండి, మన ఎండలకి గాలి ఆడుతుంది, హ్యాండిల్ మీదికి వంగినా నడుం బయటపడదు. లోపల బనీను తప్పకుండా ఉండాలి, చెమట నేరుగా తోలుకి, తోలు నుంచి ఉక్కుకి పోకుండా. సముద్రపు గాలిలో తుప్పు ఎంత తొందరగా పడుతుందో సోంపేట, కవిటి వాళ్ళకి నేను చెప్పాలా. ఇంటికి రాగానే హోల్‌స్టర్లోంచి తీసి తుడిచి సన్నగా నూనె పట్టించి విడిగా పెట్టండి, తోలులోనే వదిలేస్తే తేమ పట్టి మచ్చలు పడతాయి. వానలో రెయిన్‌కోటు పైన ఉన్నా అంతే, తడిసిందా లేదా అని ఆలోచించకుండా తుడవండి.

మీ తమ్ముడి ట్యాంక్ బ్యాగ్ ఆలోచన మాత్రం వద్దు. బండి పడితే అది ఒకవైపు, మీరొకవైపు. టీ తాగడానికి దిగితే బ్యాగు అక్కడే. మిమ్మల్ని దోచుకునేవాడు ముందు లాక్కునేది బ్యాగే, డబ్బుతో పాటు మీ తుపాకీ కూడా వాడికి బహుమానం. స్కూటర్ డిక్కీ కూడా ఇంతే. మీ అదుపులో ఉండాలన్న రూలు పెట్టింది ఇందుకే.

తుపాకీ లోడు చేయడం, తీయడం ఇంట్లోనే, బయల్దేరేముందు ఒకసారి, వచ్చాక ఒకసారి. పెట్రోల్ బంకులో, దాబా దగ్గర సర్దుకోవడం, పక్కవాళ్ళకి చూపించడం చేయొద్దు. పిస్టల్ అయితే ఛాంబర్ (గొట్టం వెనక గుండు కూర్చునే గది) ఖాళీగా ఉంచండి, పాత రివాల్వర్ అయితే హ్యామర్ (గుండుని పేల్చే సుత్తి) కింద గది ఖాళీగా ఉంచండి, బైక్ మీదనుంచి పడే మనిషికి ఆ ఒక్క గుండు తక్కువైనా నష్టం లేదు. నవ్వకండి గానీ ఇంకోటి, దారిలో దొడ్డికి వెళ్ళినప్పుడు బెల్టు విప్పగానే పిస్టల్ జారి పడటం, లేదా తీసి పక్కన గట్టు మీద పెట్టి మర్చిపోయి వచ్చేయడం ప్రపంచమంతా పోలీసులకి కూడా జరిగేదే. బటన్ పట్టీ వేసి ఉంచండి, తీసి పక్కన పెట్టకండి.

చెకింగుల విషయం చివరగా. ఒడిశా సరిహద్దు రోడ్ల మీద గంజాయి కోసం బళ్ళు ఆపుతూనే ఉంటారు. ఆపగానే ఇంజన్ ఆపి, రెండు చేతులూ హ్యాండిల్ మీదే ఉంచి, "సార్, నా దగ్గర లైసెన్సున్న పిస్టల్ ఉంది, కుడి నడుం దగ్గర, లైసెన్సు పై జేబులో ఉంది" అని ముందే చెప్పండి. చెప్పకుండా చెయ్యి నడుం వైపు పోయిందా, అవతలివాడి చేతిలో కూడా తుపాకీ ఉంటుంది. లైసెన్సు చూపించమని అడిగే అధికారం ఆయుధ చట్టం 19వ సెక్షన్ ప్రకారం ఏ పోలీసు అధికారికైనా ఉంది, చూపించకపోతే ఆయుధం స్వాధీనం చేసుకోవచ్చు. కాబట్టి ఒరిజినల్ ప్లాస్టిక్ కవర్లో దగ్గరే ఉండాలి.

ఇంత చెప్పాక నా అభిప్రాయం కూడా చెప్పేస్తాను, మీకు నచ్చకపోవచ్చు. నడుస్తున్న బైక్ మీద పిస్టల్ దాదాపు పనికిరాదు. కుడిచెయ్యి యాక్సిలరేటరూ బ్రేకూ, ఎడమచెయ్యి క్లచ్చు. వెనకనుంచి వచ్చి తన్నేవాడికి మీరు జిప్పు తీసి, పట్టీ విప్పేదాకా ఆగే ఓపిక ఉండదు. పిక్కల డబ్బులు ఫోన్‌పేలో వేయించుకునే రైతులు ఇప్పుడు చాలామందే ఉన్నారు, నగదు తగ్గించుకోండి, తీసుకెళ్ళక తప్పని రోజున వేళ మార్చండి, తోడు తీసుకెళ్ళండి. మిమ్మల్ని ఎక్కువ కాపాడేవి అవే.

ప్రశ్న: మాది రాజాంలో బంగారం షాపు. రాత్రి షాపు కట్టేసి బండి మీద ఇంటికెళ్తుంటే ఎవడైనా బ్యాగు లాక్కుని పారిపోతే కాల్చొచ్చా? నలుగురూ నాలుగు రకాలుగా చెబుతున్నారు.

జవాబు: పారిపోతున్నవాడి వీపు మీద కాల్చకండి. మన కొత్త శిక్షాస్మృతి అయిన భారతీయ న్యాయ సంహితలో 34 నుంచి 44 దాకా సెక్షన్లు ఆత్మరక్షణ గురించే. దోపిడీ జరుగుతుంటే ప్రాణం తీసేదాకా కూడా వెళ్ళే హక్కు 41వ సెక్షన్ ఇస్తుంది, నిజమే, మీకు చెప్పినవాళ్ళు అక్కడితో ఆపేశారు. అవసరానికి మించి హాని చేయకూడదని 37 చెబుతుంది. ఆ హక్కు ఎంతసేపు ఉంటుందో 43 చెబుతుంది, వాడు మిమ్మల్ని కొడుతున్నంతసేపు, కొడతాడు చంపుతాడు అన్న భయం ఆ క్షణంలో ఉన్నంతసేపు. కత్తి మెడ మీద ఉన్నప్పుడు ఒక లెక్క, వాడి బండి మలుపు తిరిగాక ఇంకో లెక్క. మలుపు తిరిగాక కాల్చి దారిన పోయేవాళ్ళకి తగిలితే మీరు బాధితుడు కాదు, ముద్దాయి. బ్యాగు నంబరు ప్లేటు కంటే ముఖ్యం కాదు, నంబరు చూసి 112కి ఫోన్ చేయండి. బంగారానికి ఇన్సూరెన్సు ఉందా? ఉత్తరంలో ఆ మాటే లేదు.

ప్రశ్న: మావారి పేరు మీద రివాల్వర్ ఉంది. రెన్యువల్‌కి తెచ్చి చూపించమన్నారు, ఆయన కాలు విరిగి మంచం మీద ఉన్నారు. మా అబ్బాయి స్కూటీ మీద పట్టుకెళ్ళొచ్చా? – ఒక గృహిణి, విజయనగరం

జవాబు: వెళ్ళొచ్చమ్మా, మీవారు రాసిచ్చిన అధికార పత్రం ఉంటే. రిపేరుకో, లైసెన్సు రెన్యువల్‌కో యజమాని రాతపూర్వకంగా పంపితే లైసెన్సు లేనివాళ్ళు కూడా తీసుకెళ్ళొచ్చని ఆయుధ చట్టం 3వ సెక్షన్‌లోనే ఉంది. ఉత్తరంలో రివాల్వర్ నంబరు, లైసెన్సు నంబరు, ఎక్కడినుంచి ఎక్కడికి, ఏ రోజు అన్నవి రాయించి సంతకం పెట్టించండి. గుళ్ళు ఇంట్లోనే ఉంచండి, అడిగితే తప్ప. బాబు నడుముకి దోపుకోకుండా, హోల్‌స్టర్లో పెట్టి వీపు సంచీలో పెట్టుకుని నేరుగా వెళ్ళి నేరుగా రావాలి, దారిలో ఫ్రెండ్స్ దగ్గర ఆగకూడదు. గడువుకి రెండు నెలల ముందే దరఖాస్తు పెట్టడం అలవాటు చేసుకోండి, అప్పుడు ఇలాంటి హడావుడి ఉండదు. ఇప్పుడు లైసెన్సు ఐదేళ్ళకి ఇస్తున్నారు కాబట్టి తేదీ మర్చిపోవడం ఇంకా సులువు.

ప్రశ్న: సార్, నేను ఆర్మీలో చేసి వచ్చి బొబ్బిలిలో సెక్యూరిటీ గార్డుగా చేస్తున్నాను. నా 12 బోర్ పొడుగు తుపాకీ భుజానికి వేసుకుని బైక్ మీద డ్యూటీకి వెళ్తాను. మా అల్లుడు అలా వెళ్ళకూడదంటున్నాడు. నిజమేనా?

జవాబు: మీ అల్లుడుగారు కరెక్టు. పొడుగు తుపాకీ కూడా దానికోసం చేసిన కవర్లోనే, పూర్తిగా కప్పి తీసుకెళ్ళాలి. విడదీయగలిగే రకమైతే గొట్టం, చెక్క పిడి విడదీసి పొట్టి కవర్లో వీపుకి నిలువుగా కట్టుకోండి. అడ్డంగా వేసుకుంటే పక్కన వెళ్ళే ఆటోకి తగిలి మిమ్మల్నే లాగేస్తుంది, మీరు సైన్యంలో నేర్చుకున్న స్లింగ్ (భుజం పట్టీ) పద్ధతి నడిచేవాళ్ళ కోసం. తూటాలు విడిగా పెట్టండి. ఎన్నికల కోడ్ వచ్చినప్పుడు లైసెన్సు ఆయుధాలు డిపాజిట్ చేయమంటారు, బ్యాంకు డ్యూటీలాంటివి ఉన్నవాళ్ళకి మినహాయింపు అడిగే వీలుంటుంది, మీ మేనేజరు చేత ముందే ఉత్తరం పెట్టించండి.

ప్రశ్న: సిరిమానోత్సవం రోజు షాపు నుంచి ఇంటికి వెళ్ళాలంటే జనంలోంచే వెళ్ళాలి. పిస్టల్ నడుముకి ఉంటే తప్పా? – విజయనగరం

జవాబు: తప్పే. జాతరకి, మతపరమైన ఊరేగింపుకి, జనం గుమిగూడే చోటికి, విద్యాసంస్థ ఆవరణలోకి ప్రత్యేక అనుమతి లేకుండా ఆయుధం తీసుకెళ్ళకూడదని లైసెన్సు షరతుల్లోనే ఉంటుంది, వెనక పేజీలో చిన్న అక్షరాల్లో. షరతు మీరితే ఆయుధ చట్టం 30వ సెక్షన్ కింద ఆరు నెలల దాకా జైలు, లేదా జరిమానా, లేదా రెండూ, లైసెన్సు పోవడం వేరే. మూడు లాంతర్ల నుంచి కోట దాకా ఆ మంగళవారం ఎంత జనం ఉంటారో మీకు తెలుసు, నడుం మీద ఎన్ని చేతులు పడతాయో కూడా తెలుసు. ఆ రోజు పిస్టల్ ఇంట్లో ఉంచి షాపుకి వెళ్ళండి. పాతపట్నం నీలమణిదుర్గ జాతరకైనా, మీ ఊరి గ్రామదేవత పండగకైనా ఇదే. పిల్లల్ని స్కూల్లో దించడానికి గేటు లోపలికి వెళ్ళే తండ్రులు కూడా ఇది చదువుకోవాలి.

ప్రశ్న: అన్నా, పిస్టల్ లాంటి లైటర్ కొన్నాను, అచ్చం నిజందిలాగే ఉంది. బుల్లెట్ బండి ట్యాంకు మీద పెట్టుకుని రీల్ తీస్తే కేసవుతుందా? – శ్రీకాకుళం

జవాబు: తీసి చూడు తమ్ముడూ, రీల్‌కి లైకులు వచ్చేలోపు స్టేషన్ నుంచి ఫోన్ వస్తుంది. దాంతో ఎవరినైనా బెదిరించినట్టు కనిపిస్తే బొమ్మా నిజమా అని తేల్చుకోవడం తర్వాత సంగతి. ఇంట్లో పెళ్ళిళ్ళు ఉన్నాయని నిజమైన తుపాకీతో గాల్లోకి కాల్చే సరదా ఎవరికైనా ఉంటే వాళ్ళకి కూడా చెప్పు, 2019 నుంచి దానికి రెండేళ్ళ దాకా జైలు, లక్ష దాకా జరిమానా.

ప్రశ్న: రణస్థలం దగ్గర హైవే మీద మాకు టిఫిన్ షాపుంది. యాక్సిడెంట్లు అయితే ముందు పరిగెత్తేది మేమే. పడిపోయిన మనిషి నడుముకి తుపాకీ కనిపిస్తే ఏం చెయ్యాలి?

జవాబు: మంచి ప్రశ్న, మిగతావాళ్ళెవరూ అడగనిది. దాన్ని ముట్టుకోకండి, లాగకండి, దాచి తర్వాత ఇద్దామని లోపల పెట్టకండి, అప్పుడది మీ దగ్గర దొరికిన ఆయుధం అవుతుంది. 108కి ఫోన్ చేసినప్పుడే తుపాకీ ఉందని చెప్పండి, 112కి కూడా చెప్పండి. గొట్టం చూసే వైపు ఎవరూ నిలబడకుండా జనాన్ని జరపండి, వీడియో తీసేవాళ్ళని ముందుగా. మనిషికి రక్తం కారుతుంటే మాత్రం ఆగకండి, రెండోవైపు నుంచి చూసుకోండి. సాయం చేసినవాళ్ళని సాక్ష్యం పేరుతో వేధించకూడదని మోటారు వాహనాల చట్టం 134ఎ సెక్షన్ రక్షణ ఇస్తోంది, పేరు చెప్పమని బలవంతం చేయడానికి లేదు.

లైసెన్సున్నవాళ్ళు కూడా ఒక పని చేయాలి. పర్సులో పైనే ఒక చీటీ పెట్టుకోండి, 'నా దగ్గర లైసెన్సు ఆయుధం ఉంది, కుడి నడుం, పోలీసులకి అప్పగించండి' అని, కింద ఇంటి ఫోన్ నంబరు. తెలుగులో రాయండి, అటువైపు తిరిగేవాళ్ళయితే వెనక ఒడియాలో కూడా రాయించుకోండి.